అసోసియేషన్ మీద కేసుందంటే మనకు చెప్పరా? అపార్ట్‌మెంట్ ఓనర్లు కాగితాలు ఎట్ల రాబట్టుకోవాలో మా కర్నూలు అనుభవంతో

పోయినేడు ఒక ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ కోసమని కిందికి దిగితే లిఫ్ట్ తలుపుకు ఒక కాగితం అతికించి ఉండింది. "లీగల్ ఫండ్ నిమిత్తం ఫ్లాటుకు రూ. 6,500, పదో తేదీ లోపల కట్టవలెను, ఇట్లు కమిటీ." అంతే. ఏ కేసు, ఎవరు వేసినారు, ఏ కోర్టులో, ఎన్నాళ్ల నుంచి, ఏమీ లేదు. 48 ఫ్లాట్లు మావి, లెక్కేసుకుంటే మూడు లక్షల పైమాట. సెక్రటరీ సార్‌ను అడిగితే "కోర్టు విషయాలమ్మా, బయటికి చెప్పకూడదు, లాయర్ గారు వద్దన్నారు" అన్నాడు. ప్రెసిడెంట్‌ను అడిగితే పాత మినిట్స్ బుక్ 2009 వరదల్లో తుంగభద్ర పాలయింది కదా అన్నాడు, ఆ కేసేమో వరద పోయిన ఎన్నో ఏళ్లకు వేసింది, ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది అనుకోండి.

ఆర్నెల్లు తిరిగి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్‌ను కాదు, ఒక టీచర్‌ను, కాబట్టి కోర్టుకు పోయే దశ వస్తే మీ లాయర్‌ను అడగండి, దానికి ముందు మెట్లు మాత్రం ఎవరికి వాళ్లం ఎక్కొచ్చు. ముందే ఒక మాట, కమిటీ వాళ్లతో "ఎందుకు చెప్పరు" అని కొట్లాడి నేను రెండు నెలలు పోగొట్టుకున్నా. అడగాల్సింది ఎందుకని కాదు, కేస్ నంబర్ ఎంతని. నంబర్ దొరికితే సగం కథ వాళ్ల నోటి నుంచి రావాల్సిన పన్లేదు, కోర్టు రికార్డులోనే ఉంటుంది.

ముందు మీ అసోసియేషన్ ఏ చట్టం కింద ఉందో చూసుకోండి

ఇది బోర్ కొట్టే పనే కానీ దీన్ని బట్టే దారులు మారతాయి. మన ఆంధ్రాలో చాలా అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటాయి, కొన్ని సహకార చట్టాల కింద ఉంటాయి. అపార్ట్‌మెంట్లకని విడిగా 1987 చట్టం ఒకటుంది, ఓనర్ల సంఘం, కామన్ ఏరియాలు, బైలాల (అసోసియేషన్ సొంత నియమాల) సంగతి అందులో ఉంటుంది. సొసైటీ అయితే రిజిస్ట్రార్ అంటే మన స్టాంపులు రిజిస్ట్రేషన్ల శాఖ జిల్లా రిజిస్ట్రారే, సహకార సంఘమైతే జిల్లా కోఆపరేటివ్ ఆఫీసర్ వైపు పోవాలి. మెయింటెనెన్స్ రసీదు మీద పైన చిన్న అక్షరాల్లో రిజిస్ట్రేషన్ నంబర్, సంవత్సరం ఉంటాయి చూడండి, మా రసీదు మీద ఇరవై ఏళ్లుగా ఉండింది, ఒక్కరమూ చదవలేదు.

ఇంగ బైలా. ఇది చేతిలో లేకుండా ఏ మీటింగుకూ పోవద్దు. కమిటీ ఇవ్వకపోతే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి ఫీజు కడితే సర్టిఫైడ్ కాపీ వస్తుంది, మెమోరాండం, బైలా రెండూ అడగండి, ఏటేటా దాఖలు చేసే కమిటీ సభ్యుల జాబితా కూడా అడగండి, ఏంటికంటే లిఫ్ట్ దగ్గర సంతకం పెట్టే కమిటీ, రిజిస్ట్రార్ దగ్గర ఉన్న కమిటీ ఒకటి కాకపోవచ్చు. బైలాలో నాలుగు విషయాలు పెన్సిల్‌తో గీసుకోండి. లెక్కల పుస్తకాలు, మినిట్స్ సభ్యులు చూడొచ్చని ఎక్కడుంది, అసోసియేషన్ తరఫున కేసు వేయడానికి గానీ వాదించడానికి గానీ సంతకం ఎవరిది, ఎంత ఖర్చు దాటితే జనరల్ బాడీ (సభ్యులందరి మీటింగ్) ఒప్పుకోవాలి, ఎంతమంది సభ్యులు రాసిస్తే స్పెషల్ జనరల్ బాడీ పిలవాలి. మా బైలాలో కమిటీ సొంతంగా ఖర్చు పెట్టగలిగింది పాతిక వేలే, దాని పైన జనరల్ బాడీ తీర్మానం ఉండాలని రాసుంది, మూడు లక్షలు అడిగిన కాగితంలో తీర్మానం తేదీ కూడా లేదు.

మీ పేరు సభ్యుల రిజిస్టర్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. ఫ్లాట్ కొన్నాక రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ జిరాక్స్ ఇచ్చి పేరు మార్పించుకోనోళ్లు చాలామంది ఉంటారు, అడిగేటప్పుడు "మీరు సభ్యులే కాదు" అని ఒక్క మాటతో పంపించేస్తారు. అద్దెకు ఉండేవాళ్లు ఓనర్ దగ్గర లెటర్ రాయించుకుంటే మేలు. బాకీ ఉంటే ముందు కట్టేయండి, లీగల్ ఫండ్ మీద మీకు అభ్యంతరం ఉన్నా "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను" అని రాసి కట్టండి, బాకీదారు ముద్ర పడితే మీ ప్రశ్నను ఎవరూ పట్టించుకోరు.

ఫోన్‌లోనే కేసు వెతకడం

ఇది నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. ఈకోర్ట్స్ సర్వీసెస్ అని ప్రభుత్వానిదే వెబ్‌సైట్, యాప్ కూడా ఉంది, పైసా ఖర్చు లేదు. ప్రతి కేసుకు సీఎన్ఆర్ అని 16 అక్షరాలు అంకెలు కలిసిన నంబర్ ఉంటుంది, అది తెలిస్తే నేరుగా కొట్టొచ్చు, తెలియకపోతే పార్టీ పేరుతో వెతకాలి. రాష్ట్రం, జిల్లా, కోర్ట్ కాంప్లెక్స్ ఎంచుకుని, పేరులో కనీసం మూడు అక్షరాలు, కేసు రిజిస్టర్ అయిన సంవత్సరం ఇచ్చి, పెండింగా డిస్పోజ్డా రెండూనా అని అడిగిన చోట రెండూ పెట్టండి. సంవత్సరం ఖచ్చితంగా అడుగుతుంది, తెలియకపోతే ఒక్కో సంవత్సరం మార్చుకుంటూ పోవడమే, నేను 2012 నుంచి మొదలుపెట్టి టీ చల్లారిపోయేదాకా కొడుతూ కూర్చున్నా.

ఇక్కడ చిక్కు పేర్లతోనే. ఇంగ్లీషులో టైప్ చేయాలి, కోర్టులో ఎంట్రీ చేసినాయన ఏ స్పెల్లింగ్ కొట్టినాడో మనకు తెలీదు. అపార్ట్‌మెంట్ పేరు పూర్తిగా కొట్టొద్దు, మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టండి. శ్రీ స్పెల్లింగ్‌లో ఒక హెచ్ ఎక్కువ తక్కువ ఉంటుంది. పేరు మొత్తానికే దొరక్కపోతే ప్రెసిడెంట్ పేరుతో, పాత ప్రెసిడెంట్ పేరుతో, బిల్డర్ పేరుతో వెతకండి, ఏంటికంటే చాలా కేసుల్లో "ఫలానా అసోసియేషన్, ప్రెసిడెంట్ ఫలానా ద్వారా" అని ఉంటుంది. జిల్లా విషయంలో ఇంకో సంగతి, 2022 ఏప్రిల్‌లో నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వేరయినాయి కదా, కానీ కేసు పాత జిల్లా కిందే కనబడొచ్చు, నంద్యాల వాళ్లు కర్నూలు కింద, హిందూపురం వాళ్లు అనంతపురం కింద, రాజంపేట వాళ్లు కడప కింద కూడా ఒకసారి చూడండి.

దొరికినాక పేజీలో ఏం చూడాలి? కేసు రకం ముందు. ఓ.ఎస్. అంటే ఒరిజినల్ సూట్, మామూలు సివిల్ దావా. ఐ.ఏ. అంటే ఆ దావా లోపల వేసిన చిన్న పిటిషన్, స్టే, ఇంజంక్షన్ లాంటివి. ఏ.ఎస్. అంటే అప్పీలు, ఈ.పీ. అంటే డిక్రీ (దావాలో కోర్టు ఇచ్చిన తీర్పు) అమలు చేయమని అడగడం, ఈ.పీ. కనబడితే కొంచెం కంగారు పడాల్సిందే. తర్వాత పిటిషనర్ (కేసు వేసినవాళ్లు) అండ్ అడ్వకేట్, రెస్పాండెంట్ (ఎవరి మీద వేసినారో వాళ్లు, దావాలో డిఫెండెంట్ అంటారు) అండ్ అడ్వకేట్ అని రెండు డబ్బాలుంటాయి. మా అసోసియేషన్ పేరు రెస్పాండెంట్ కింద ఉంది, పక్కన అడ్వకేట్ పేరు లేదు. ఎంట్రీ ఆలస్యమై ఉంటుందిలే అనుకుని కింద కేస్ హిస్టరీలో వాయిదాల తేదీలు ఒక్కోటి నొక్కుతా పోయినా, తేదీ నొక్కితే ఆ రోజు కోర్టులో ఏమైందో రెండు లైన్లు వస్తుంది. ఒక వాయిదాలో ఉండింది: మొదటి డిఫెండెంట్‌ను పిలిచినారు, హాజరు కాలేదు, ఎక్స్‌పార్టీ చేసినారు, అంటే వాళ్లు లేకుండానే కేసు నడుపుతారన్నమాట.

ఆ మొదటి డిఫెండెంట్ మేమే. పక్క స్థలం ఆయన మా కాంపౌండ్ పక్క సందు తనదని దావా వేసినాడు, సమన్లు వాచ్‌మన్ తీసుకుని ఆఫీస్ రూం బల్ల సొరుగులో పెట్టినాడు, పాత సెక్రటరీ ఇల్లు మారిపోయినాడు, కొత్తాయనకు చెప్పలేదు. సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు మన జవాబు) వేయాలి, కోర్టు కారణాలు రాసి 90 రోజుల దాకా పొడిగించొచ్చు. మా వాళ్లు అంతా దాటిపోయినాక మేలుకుని, చెప్పుకుంటే సిగ్గని నోరు మూసుకుని లీగల్ ఫండ్ కాగితం అతికించినారు. "లాయర్ గారు చెప్పొద్దన్నారు" అన్న మాట వెనక ఉండింది ఇది. డిక్రీ ఇంకా కాలేదు కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 7 కింద ఆ ఎక్స్‌పార్టీ ఆర్డర్ తీసేయమని పిటిషన్ వేసి, ఖర్చులు కట్టి, మళ్ల లోపలికి వచ్చినాం. డిక్రీ అయ్యి ఉంటే రూల్ 13 కింద 30 రోజుల్లోపల పోవాల్సి వచ్చేది.

జిల్లా కోర్టులో దొరక్కపోతే హైకోర్టు వెబ్‌సైట్ చూడండి, మున్సిపల్ నోటీసుల మీద రిట్లు అక్కడే ఉంటాయి. హైకోర్టు బెంచ్ కర్నూలుకు వస్తుందన్న మాట వింటానే ఉన్నాం, ప్రస్తుతానికి కేసు మాత్రం అమరావతిలోనే చూసుకోవాలి. బిల్డర్ మీద కన్స్యూమర్ కేసయితే అది కన్స్యూమర్ కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఉంటుంది, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) కేసయితే ఏపీ రెరా వెబ్‌సైట్‌లో. ఈకోర్ట్స్‌లో ఏమీ లేదంటే కేసే లేదని కాదన్నమాట.

ఈకోర్ట్స్‌లో వాయిదాలు, ఆర్డర్లు దొరుకుతాయి గానీ దావా కాగితం, మన జవాబు దొరకవు. వాయిదా రోజు మాత్రం ఎవరైనా పోయి కోర్టు హాల్లో వెనక కూర్చోవచ్చు, సివిల్ కోర్టు బహిరంగ కోర్టే, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని పోండి. మొదటిసారి నాకు భయమేసింది, మా ఆయన "మనమేం దొంగతనం చేసినామా" అని తోలుకుపోయినాడు, మా కేసు పిలిచింది అర నిమిషం, కానీ ఆ అర నిమిషంలో మా తరఫున ఏ లాయర్ లేచి నిలబడినాడో చూసినా.

రాతపూర్వకంగా అడగడం

వాట్సాప్ గ్రూపులో అడిగితే కింద ముప్పై గుడ్ మార్నింగులు, ఒక శ్రీశైలం ఫోటో వచ్చి మీ ప్రశ్న మాయమైపోతుంది. కాగితం మీద రాయండి, రెండు కాపీలు, ఒకదాని మీద సెక్రటరీ సంతకం, తేదీ తీసుకోండి, తీసుకోనంటే స్పీడ్ పోస్ట్‌లో పంపండి, రిజిస్టర్డ్ పోస్టును ఇప్పుడు స్పీడ్ పోస్టులోనే కలిపేసినారు, డెలివరీ రుజువు కావాలని కౌంటర్లో చెప్పండి. నేను ఇచ్చిన లెటర్ దాదాపు ఇట్ల ఉండింది:

"సెక్రటరీ గారికి, ఫ్లాట్ నంబర్ ఫలానా ఓనరు వ్రాయునది. ఫలానా తేదీన లిఫ్ట్ వద్ద అతికించిన నోటీసు ప్రకారం ఫ్లాటుకు రూ. 6,500 అడిగినారు. ఈ కింది కాగితాలు చూడటానికి, అవసరమైనవి నా ఖర్చుతో జిరాక్స్ తీసుకోవడానికి 15 రోజుల లోపల ఒక రోజు, సమయం చెప్పగలరు. 1. అసోసియేషన్ పార్టీగా ఉన్న అన్ని కేసుల నంబర్లు, కోర్టు పేరు, ఇప్పుడు ఏ దశలో ఉంది, వచ్చే వాయిదా. 2. దావా కాపీ, మనం వేసిన జవాబు, ఇప్పటిదాకా వచ్చిన ఆర్డర్లు. 3. కేసు నడపడానికి, లాయర్‌ను పెట్టుకోవడానికి చేసిన తీర్మానం ఉన్న మినిట్స్ పేజీ. 4. లాయర్ ఫీజు, కోర్టు ఫీజు, కమిషనర్ ఫీజు, ఇతర ఖర్చుల ఓచర్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీలు. 5. రూ. 6,500 లెక్క ఎట్ల కట్టినారో. లాయర్ గారి సలహా లెటర్లు నేను అడగడం లేదు."

ఆ చివరి లైను ముఖ్యం. అది రాసినందుకే మా సెక్రటరీకి "లాయర్ గారు వద్దన్నారు" అని చెప్పే అవకాశం లేకుండా పోయింది. ఒక్కరే కాకుండా నలుగురైదుగురు ఓనర్లు సంతకం పెడితే ఇంకా మేలు, మా మూడో అంతస్తు పెద్దాయన, రిటైర్డ్ ట్రెజరీ ఉద్యోగి, ఓచర్ల లైన్ ఆయన చెప్పి రాయించినాడు, "అమ్మా, మొత్తం అడిగితే మొత్తమే చెప్తారు, ఓచర్ అడుగు" అని.

ఏది అడగొచ్చు, ఏది అడిగినా ఇవ్వరు

ఇక్కడ కమిటీ వైపు నుంచి కూడా ఆలోచించాలి, నేను ఈ విషయంలో మొదట తప్పుగానే ఉన్నా. క్లయింటుకూ లాయరుకూ మధ్య నడిచే మాటలకు చట్టం రక్షణ ఇస్తుంది, ఇంతకుముందు ఎవిడెన్స్ యాక్ట్ 126 నుంచి 129 సెక్షన్ల దాకా ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132 నుంచి 134 సెక్షన్లలో ఉంది. క్లయింట్ అంటే అసోసియేషన్, విడివిడిగా మీరో నేనో కాదు. కాబట్టి కేసులో మన బలహీనత ఏంది, ఎంతకు రాజీ పడొచ్చు, సాక్షిగా ఎవర్ని పెడదాం, ఇవి రాసిన లెటర్ జనానికి పంచకపోవడం సబబే.

మా దగ్గర ఏం జరిగిందంటే, మేము గట్టిగా అడిగేసరికి కొత్త ట్రెజరర్ కుర్రోడు ఉత్సాహంతో లాయర్ ఒపీనియన్ లెటర్ మొత్తం ఫోటోలు తీసి గ్రూపులో పెట్టేసినాడు. అందులో బిల్డర్ సేల్ డీడ్లలో చూపించిన కొలతలు, స్థలం కొలతలు కలవడం లేదని ఉండింది. బిల్డర్ అదే కేసులో రెండో డిఫెండెంట్, ఆయన బామ్మర్దికి మా రెండో అంతస్తులో ఫ్లాట్ ఉంది, గ్రూపులో ఉన్నాడు. పది నిమిషాల్లో డిలీట్ చేసినారు గానీ ఏం లాభం, బ్లూ టిక్కులు పడిపోయినాయి.

దీనికి ఎదురు మాట కూడా ఉంది. రహస్యం లాయర్ సలహాకే గానీ కేసు ఉందన్న సంగతికి కాదు. కేస్ నంబర్, దశ, కోర్టులో దాఖలైన కాగితాలు, వచ్చిన ఆర్డర్లు ఎదుటి పార్టీ చేతిలో ఎట్లాగూ ఉన్నాయి, మనకు మాత్రమే దాచడంలో అర్థం లేదు. డబ్బు ఎంత ఖర్చయింది అనేది మన డబ్బు. తీర్మానం మన మినిట్స్. మీరే అసోసియేషన్ మీద కేసు వేసి ఉంటే మాత్రం కమిటీ మీతో జాగ్రత్తగా ఉంటుంది, అది సహజం, అప్పుడు మీ లాయర్ ద్వారా కోర్టులోనే కాగితాలు అడగండి.

మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఉంటాడు, వాళ్ల హోమ్ ఓనర్స్ అసోసియేషన్ల చట్టం డేవిస్ స్టర్లింగ్ యాక్ట్ సంగతి ఫోన్‌లో చెప్పినాడు. అక్కడ కేసు చర్చలు బోర్డు లోపల తలుపులు మూసుకుని పెట్టుకోవచ్చు, కానీ ఏ విషయం మాట్లాడినారో తర్వాతి బహిరంగ మీటింగ్ మినిట్స్‌లో స్థూలంగా రాయాలి, బిల్డర్ మీద దావా వేసే ముందు 30 రోజులకు తక్కువ కాకుండా సభ్యులందరికీ రాతపూర్వకంగా చెప్పాలి. మన చట్టంలో అంత వివరంగా లేదు గానీ మన బైలాలో మనం రాసుకుంటే ఎవరు కాదంటారు?

ఇవ్వకపోతే

ముందు ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) గురించి, అందరూ దానికే పరిగెత్తుతారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీద నేరుగా ఆర్టీఐ పనిచేయదు, అది పబ్లిక్ అథారిటీ కాదు, ప్రభుత్వ నిధులతో నడవని సహకార సంఘాలు కూడా రావని సుప్రీంకోర్టు 2013లో కేరళ తలప్పాళం బ్యాంక్ కేసులో చెప్పింది. కానీ మీ అసోసియేషన్ కాగితాలు ఏ ప్రభుత్వ ఆఫీసులో ఉన్నాయో ఆ ఆఫీసును అడగొచ్చు. జిల్లా రిజిస్ట్రార్‌ను అసోసియేషన్ దాఖలు చేసిన కమిటీ జాబితాలు, లెక్కల గురించి అడగండి. మున్సిపల్ కార్పొరేషన్‌ను మీ బిల్డింగ్ అప్రూవ్డ్ ప్లాన్, ఇచ్చిన నోటీసులు అడగండి, మాకు సందు కొలత అసలు ప్లాన్‌లోనే దొరికింది. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామ స్థాయికి లేదు, తెల్లరేషన్ కార్డు వాళ్లకు ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు అదే శాఖలో పై అధికారికి, తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు. "ఎందుకు చేయలేదు" అని రాయొద్దు, "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా దాఖలైన కాగితాల కాపీలు" అని రాయండి.

కోర్టు ఫైల్ కాపీలు కావాలంటే కాపీ అప్లికేషన్ వేయాలి. పార్టీలకు సులువు, మనలాంటి మూడో వ్యక్తికైతే ఏంటికి కావాలో అఫిడవిట్ రాసి కోర్టు పర్మిషన్ తీసుకోవాలి. ఓనరును, నా ఫ్లాట్ మీద దీని ప్రభావం ఉంది అని చెప్పుకుంటే ఆ కారణం చాలా గట్టిది. మీ ఫ్లాటుకే, మీ పార్కింగుకే ముప్పు ఉంటే ఇంకో అడుగు, ఆర్డర్ 1 రూల్ 10 కింద మిమ్మల్ని కూడా పార్టీగా చేర్చుకోమని అడగొచ్చు. అప్పుడు ఏ కమిటీనీ బతిమాలాల్సిన పని ఉండదు, కానీ లాయర్ ఫీజు మీ జేబులోంచి పోతుంది, ఊరికే చేయొద్దు.

తర్వాత స్పెషల్ జనరల్ బాడీ. బైలాలో రాసినంత మంది సంతకాలతో, ఎజెండా ఒకే ఒక లైనుగా "అసోసియేషన్ కేసుల స్థితి, ఖర్చు, లాయర్ నియామకంపై చర్చ" అని పెట్టి పిలవమని ఇవ్వండి. మా మీటింగ్ సెల్లార్‌లో జరిగింది, కరెంట్ పోయి సెల్‌ఫోన్ లైట్లలో మినిట్స్ రాసినాం, అందరి సంతకాలు అక్కడికక్కడే తీసుకున్నాం. "రేపు ఫెయిర్ చేసి పెడతాం" అంటే ఒప్పుకోవద్దు, ఆ రేపు మా దగ్గర మూడేళ్లు పట్టింది ఇంతకుముందు.

అప్పటికీ కదలకపోతే లాయర్ నోటీసు. దాని తర్వాత, అంతకుముందైనా సరే, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కేసు వేయకముందు) అర్జీ పెట్టొచ్చు, కోర్టు ఫీజు లేదు, రెండు వైపులా పిలిచి మాట్లాడతారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది, హెల్ప్‌లైన్ 15100. చివరి మెట్టు 2001 సొసైటీల చట్టం సెక్షన్ 23, సొసైటీ వ్యవహారాల మీద కమిటీ లోపల గానీ సభ్యుల మధ్య గానీ తగాదా వస్తే ఏ సభ్యుడైనా ఆర్బిట్రేషన్ చట్టం కింద పోవచ్చు లేదా జిల్లా కోర్టులో అప్లికేషన్ వేయొచ్చు. రిజిస్ట్రార్ దగ్గరికి పోతే "సెక్షన్ 23 కింద కోర్టుకు పోండమ్మా" అనే అంటారు, తగువు తీర్చడం వాళ్ల పని కాదు, అక్కడ కాగితాలు తెచ్చుకోవడానికే పోండి.

రాజీ అన్న మాట వినబడితే

ఇది విడిగా రాస్తున్నా ఏంటికంటే కేసు నడిచేటప్పుడు కన్నా ముగిసేటప్పుడే ఎక్కువ మోసపోతాం. కమిటీ లోక్ అదాలత్‌లో రాజీ పడిపోతే ఆ అవార్డు మీద అప్పీలు లేదు, డిక్రీతో సమానం. మా కేసులో ఒక దశలో సందులో మూడడుగులు వదిలేసి డబ్బు తీసుకుందామని ఇద్దరు కమిటీ వాళ్లు మాట్లాడేసుకున్నారు, ఆ మూడడుగుల్లోనే డ్రైనేజ్ పైపు ఉందని వాళ్లకు గుర్తు లేదు. కాబట్టి "రాజీ షరతులు ముందు జనరల్ బాడీ ముందు పెట్టి, తీర్మానం అయినాకే సంతకం" అని ఇప్పుడే తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించి, కాపీ మీ లాయర్ ఫైల్లో పెట్టండి.

కేసు ఆర్డర్ 1 రూల్ 8 కింద ప్రాతినిధ్య దావాగా ఉంటే, అంటే అందరి తరఫున కొందరు వేసినదో, అందరి మీదా కొందరిని పెట్టి వేసినదో అయితే, సంబంధం ఉన్న వాళ్లందరికీ కోర్టు నోటీసు పోవాలి, మనిషి మనిషికీ ఇవ్వడం కుదరకపోతే పేపర్లో ప్రకటన వేస్తారు. ఆ కేసుల్లో కోర్టు అనుమతి, సభ్యులకు నోటీసు లేకుండా రాజీ చెల్లదు, ఆర్డర్ 23 రూల్ 3-బి చూడమని మీ లాయర్‌ను అడగండి. పేపర్లో ఆ చిన్న అక్షరాల కోర్టు ప్రకటనలు మనం బజ్జీల కింద పెట్టుకుంటాం, వాటిలో మన అపార్ట్‌మెంట్ పేరు ఉండొచ్చు.

ఫ్లాట్ కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు రెండు ముక్కలు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే కేసు కనబడుతుందని నమ్మొద్దు, ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలు ఉంటాయి, నడుస్తున్న దావా ఉండాలని లేదు. కేసు నడుస్తుండగా ఆ ఆస్తి కొంటే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆ కేసు తీర్పు కొన్నవాళ్లకూ వర్తిస్తుంది. అమ్మేవాళ్లు తమకు తెలిసిన టైటిల్ లోపాలు చెప్పాలని సెక్షన్ 55లో ఉంది. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు అసోసియేషన్ దగ్గర నో డ్యూస్ లెటర్ ఒక్కటే కాకుండా, పెండింగ్ కేసుల జాబితా కూడా లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, ప్లస్ ఈకోర్ట్స్‌లో మీరే ఒకసారి కొట్టి చూడండి.

ఇప్పుడు మా లిఫ్ట్ పక్కన బోర్డు మీద ప్రతి నెలా మొదటి వారం ఒక అర పేజీ కాగితం ఉంటుంది. కేసు నంబర్, పోయిన వాయిదాలో ఏమైంది, వచ్చే వాయిదా ఎప్పుడు, ఈ నెల ఖర్చు ఎంత, లీగల్ ఫండ్‌లో మిగిలింది ఎంత. లాయర్ ఏం సలహా ఇచ్చినాడో ఉండదు. రాసేది ఆ ట్రెజరర్ కుర్రోడే. వచ్చే వాయిదా మా వైపు సాక్షుల విచారణకు ఉంది, మూడో అంతస్తు పెద్దాయన నేనూ వస్తా అన్నాడు, ఆయనకు మెట్లు దిగడం కష్టం కాబట్టి ఆ రోజు లిఫ్ట్ బాగుండేట్టు చూడమని వాచ్‌మన్‌కు చెప్పి పెట్టినా.